బాడిక్యం గారు

సోమవారం వచ్చిందంటే ఆ కోర్టు వరండాలో స్తంభానికొకరు ఆనుకుని నిలబడతారు. ఆ రోజు కేసుల పట్టీ, కాజ్ లిస్టు, రెండు కాగితాలు దాటుతుంది. పదిన్నరకి జడ్జి మేడమ్ గారు కుర్చీలో కూర్చోగానే బెంచి క్లర్కు శివప్రసాద్ కట్ట విప్పి మొదటి నంబరు చదువుతాడు. అది వింటూనే అటెండరు మమత గుమ్మం దగ్గరికి వెళ్ళి, బయటికి వొంగి, పార్టీల పేర్లు పిలుస్తుంది. ఒక్కొక్కరినీ మూడుసార్లు.

మమతకి ముప్ఫై ఎనిమిదేళ్ళు. పొడుగ్గా ఉంటుంది, గొంతు గట్టిది. పిలిచిందంటే గేటు దగ్గర జామకాయలమ్మేవాడు కూడా తలెత్తి చూస్తాడు. ఫైళ్ళు మొయ్యడం, కుర్చీలు తుడవడం, మంచినీళ్ళు పెట్టడం ఎలాగూ చెయ్యాలి కాబట్టి చేస్తుంది. ఈ పిలుపుల పని మాత్రం ఇష్టపడి చేస్తుంది. కాగితమ్మీద ఉన్న పేరుని గట్టిగా అనగానే ఎక్కడో గుంపులోంచి ఒక మనిషి ఉలిక్కిపడి, పంచె సర్దుకుంటూనో పైట సర్దుకుంటూనో లేచి రావడం ఆమెకి ఏనాడూ పాతబడలేదు.

చిక్కల్లా ముక్కుతోనే. దూలం ఎడమకి వంకర, కుడివైపు కండ పెరిగి ఉంది. ఊపిరంతా నోటితోనే. ముక్కులోంచి గాలి ఆడకపోతే మ పలకదు, న పలకదు. మ అనబోతే బ వస్తుంది, న అనబోతే ద వస్తుంది, ణ అనబోతే డ వస్తుంది. పేరేంటని అడిగితే ‘బబత’ అని చెబుతుంది. ఇంట్లోవాళ్ళకీ కోర్టులోవాళ్ళకీ అలవాటైపోయి, ఆమె ఏమన్నా వాళ్ళ చెవులే దిద్దుకుని వినేవి. పార్టీల సంగతి ప్లీడర్లు చూసుకునేవారు. “నిన్నేనయ్యా, లే” అని పక్కనుంచి తట్టేవారు. అలా గడిచిపోయింది ఇన్నాళ్ళూ.

ఆ సోమవారం పదకొండో నంబరు ఒక దారి దావా, నడిచే దారికి కంచె వేస్తామన్న తగాదా. ప్రతివాది తరఫు ప్లీడరు గారు వేరే ఊరు కోర్టులో ఉన్నారు, ఆయన పంపిన జూనియరు బస్సులో ఇరుక్కుపోయాడు. మమత గుమ్మంలోంచి వొంగింది.

“దల్లా బాడిక్యం! దల్లా బాడిక్యం! దల్లా బాడిక్యం!”

ఎవరూ లేవలేదు. ఆమె లోపలికి తిరిగి, లేరన్నట్టు తలూపింది. జడ్జి గారు అరనిమిషం ఆగి, ప్రతివాది హాజరు కాలేదని రాసి, ఆ పక్షం లేకుండానే కేసు నడిచేలా ఎక్స్‌పార్టీ చేశారు. శివప్రసాద్ పన్నెండో నంబరు చదివాడు.

భోజనాల వేళకి వరండా పలచబడింది. నీళ్ళ కుండ పక్క బల్ల మీద ఒక ముసలావిడ మాత్రం నిటారుగా కూర్చుని ఉంది. ఒళ్ళో గుడ్డసంచి, దాని మీద రెండు చేతులూ. మమత నీళ్ళు ముంచుకోబోతుంటే పలకరించింది.

“అమ్మా, మా కేసు ఎప్పుడు పిలుస్తారండీ?”

“బీ పేరేటి బాబ్బగారూ?”

ముసలావిడ ఒక్క క్షణం ఆలోచించి అర్థం చేసుకుంది. అక్కణ్ణించి ఆవిడ చెవులూ దిద్దుకునే విన్నాయి. “నల్లా మాణిక్యం అంటారమ్మా. లంక నించొచ్చేను. మొదటి పంటుకే గోదారి దాటేసేను.”

మమత చేతిలో గ్లాసు కుండలోనే ఉండిపోయింది.

“పిలిచాను కదండీ. మూడుసార్లు.”

“నన్నా? ఎప్పుడూ? పొద్దున్నించీ ఇక్కణ్ణించి కదల్లేదమ్మా. లేచెళ్తే ఆ కాసేపట్లో పిలిచేస్తారేమోనని మంచినీళ్ళు కూడా తాగలేదు.”

“పదకొండున్నరకి.” మమత గొంతు తగ్గించి, ఎలా పిలిచిందో అలాగే అంది. “దల్లా బాడిక్యం అని.”

ముసలావిడ కళ్ళు పెద్దవి చేసింది. “బాడిక్యం గారంటే నేనా! ఓర్నాయనో. ఎవరో బాడిక్యం గారంట, పాపం, ఏ దూరపూరో ఏమో, బస్సు దొరికుండదు అనుకున్నానమ్మా. పక్కావిడతో కూడా అన్నాను, ఆవిడ కేసు పోయింది కాబోలండీ, పాపం అని.”

తన మీద తనకే నవ్వొచ్చి చెయ్యి అడ్డం పెట్టుకుంది మాణిక్యం. మమత నోరు తెరుచుకుని ఊపిరి పీలుస్తూ ఆ నవ్వునే చూసింది. గ్లాసు నిండా నీళ్ళు ముంచి ముందు ఆవిడకిచ్చింది.

శివప్రసాద్ టిఫిను క్యారియరు మూత పెడుతూ విన్నాడు. చెడ్డవాడు కాదు. ఇరవయ్యేళ్ళుగా కాగితాల్ని నమ్ముకున్న మనిషి.

“నువ్వు పిలిచేవు. ఆవిడ లేవలేదు. పిలిచినా రాలేదని రికార్డులో రాసుంది. ఇందులో నీ తప్పేముందమ్మా?”

“నేను పిలిచింది ఆవిణ్ణి కాదండి.”

“ఇప్పుడిది నెత్తినేసుకుంటే నీకే నష్టం. మెమో ఇచ్చినా ఇస్తారు. నా మాట విని రికార్డు రూముకి మారిపో. పిలుపులు అక్కడి అటెండరు బంగారరాజు చూసుకుంటాడు. అక్కడ నిన్ను పేరు పలకమని అడిగేవాళ్ళుండరు.”

రికార్డు రూము తలుపు తీస్తేనే మమతకి పది తుమ్ములొస్తాయి. అయినా ఆమె ఆలోచన దుమ్ము గురించి కాదు. ఇంక తను గుమ్మంలో నిలబడదన్నమాట. ఆ మాట అంత తేలిగ్గా అనేసి చేతులు కడుక్కుంటున్నాడాయన.

సాయంత్రం మేడమ్ గారు లేవబోయే ముందు మమత వెళ్ళి డయాస్ పక్కన నిలబడింది. ఉన్నదున్నట్టు చెప్పింది. ఆవిడ చివరిదాకా విని, “ప్లీడరు గారిని పిటిషన్ వేసుకోమనండి, గురువారం చూస్తాను,” అన్నారు. తరవాత కళ్ళజోడు తీసి, “మీరు డాక్టరుకి చూపించుకోలేదా?” అని అడిగారు.

“చూపించానండి. ఆపరేషన్ అన్నారు.”

“మరి?”

మమత డయాస్ మీది ఖాళీ గ్లాసు తీసుకుని బయటికి నడిచింది.

*

ఇంట్లో ఆపరేషన్ అన్న మాట పడగానే అత్తగారు భవానీదేవి చేస్తున్న పని వదిలేసి వాము మూట కట్టింది. పెనం మీద వేడిచేసి కోడలి చేతిలో పెట్టింది.

“పీల్చు. ముక్కు మీద కత్తి పెట్టించుకుంటే మొహం కళ పోతుంది. మా తమ్ముడు కోయించుకోలేదా? మూడేళ్ళు తిరిగేసరికి మళ్ళీ మామూలే. దానికి పడుకోవడం ఒకటి, మత్తివ్వడం ఒకటి.”

మమత మూట ముక్కు దగ్గర పెట్టుకుంది. వేడి తగులుతోంది కానీ వాసన లేదు. భవానీదేవి అటు తిరిగినప్పుడు మూట పక్కన పెట్టి పప్పు తాలింపు వేసింది. తాలింపు వేగిందా లేదా అన్నది ఆమెకి ముక్కు చెప్పదు. ఆవాలు చిటపటలాడటం ఆగగానే దింపేస్తుంది, అంతా చెవితోనే.

మమత భర్త నాగసతీష్ ముమ్మిడివరం అవతల రొయ్యల చెరువుల మీద పని చేస్తాడు. చీకటి పడుతుండగా వచ్చి, బండి స్టాండు వేసి, సంగతి విని, కాళ్ళు కడుక్కుంటూనే అన్నాడు. “ఇప్పుడేం కొంపలు మునిగేయని?”

“ఒకావిడ కేసు మునిగింది,” అంది మమత.

బుధవారం అతను చెరువు పని ఇంకొకరికి అప్పజెప్పి, ఆమెని బండి మీద అమలాపురం తీసుకెళ్ళాడు.

డాక్టరు చిన్నవాడే. చివర దీపం ఉన్న సన్నటి గొట్టం ముక్కులోకి పోనిచ్చి తెర మీద చూపించాడు. ఎర్రటి సందు, మధ్యలో వొంగిన గోడ, ఆ పక్కన ద్రాక్షపండ్లలా కండ. నాగసతీష్ కుర్చీ ముందుకి లాక్కుని మరీ చూశాడు.

“దూలం సరిచేస్తాం, కండ తీసేస్తాం. కండ మళ్ళీ ఎప్పటికీ పెరగదని మాటివ్వలేను, మందు కొట్టుకుంటూ ఉండాలి,” అన్నాడు డాక్టరు. “ఆపరేషన్ అయ్యాక రెండు రోజులు ముక్కు నిండా దూది ఉంటుంది. నోటితోనే ఊపిరి తీసుకోవాలి. అదే కొంచెం కష్టం.”

మమత భర్త వైపు చూసింది. అతనూ చూశాడు. ఇద్దరికీ ఒక్కసారే నవ్వొచ్చింది.

“ఆ కష్టం నాకు బాగా అలవాటేనండి,” అంది మమత.

డాక్టరు కూడా నవ్వేశాడు. “ముక్కు ఆకారం ఏం మారదు. మాట మాత్రం మారుతుంది.”

నాగసతీష్ నవ్వు ఆపేశాడు. “మారడమంటే, వేరే గొంతు వస్తుందాండీ?”

“గొంతు ఆవిడదేనండి. మ, న పలుకుతాయి, అంతే.”

తిరిగి వస్తూ కాలవ గట్టు మీద బొండాల బండి దగ్గర బండి ఆపాడు. బొండం చేతికిచ్చాడు కానీ తను తాగకుండా స్ట్రా తిప్పుతూ నిలబడ్డాడు.

“ఏంటండీ?”

“ఏం లేదు.” జేబులోంచి ఫోను తీసి, ఏదో నొక్కి ఆమె ముందు పెట్టాడు. ఆమె నంబరుకి ‘బబత’ అని రాసుకున్నాడు. “చెరువు మీద ఉన్నప్పుడు నువ్వు ఫోను చేసి ‘ఏవడ్డీ, ఎక్కడుద్దారు’ అంటావు. మావాళ్ళు నవ్వుతారు. నేనూ నవ్వుతాను. కానీ ఆ మాటేగా పన్నెండేళ్ళుగా వింటున్నది. రేపు ఎవరో వేరే ఆవిడ ఫోను చేసినట్టుంటుందేమోనని.”

మమత ఆ రెండు బ అక్షరాల వంక చాలాసేపు చూసింది. తనని ఇంత ముద్దుగా ఎవరైనా తప్పు రాసుకున్నారా ఎక్కడైనా? “వద్దంటారా?”

“వద్దంటే నేను మనిషినా! ఊపిరాడక నువ్వు కూర్చునే నిద్రపోవడం నేను చూడట్లేదా? భయం చెప్పుకున్నానంతే. నీ ముక్కు, నీ ఇష్టం.”

బండి ఎక్కాక ఆమె అతని భుజం మీద చెయ్యి వేసి ఆలోచిస్తూ కూర్చుంది. రికార్డు రూములో దుమ్ము దులపడానికి కిటికీ తీసి పెట్టుకోవచ్చు. మూతికి గుడ్డ కట్టుకోవచ్చు. అక్కడైతే ఎవరి కేసూ పోదు. ఇల్లు చేరేసరికి మనసు ముప్పాతికవంతు రికార్డు రూములోనే సర్దుకుంది.

*

గురువారం పిటిషన్ రెండే నిమిషాల్లో అయిపోయింది. మాణిక్యం ప్లీడరు గారు ఈసారి స్వయంగా వచ్చారు. జడ్జి గారు మమత వైపు చూసి, “మీరు చెప్పినది నిజమేనా?” అన్నారు. నిండు కోర్టులో మమత నిజమేనంది. వెనక బల్లల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఎక్స్‌పార్టీ ఆర్డరు రద్దయింది. కేసు నెలకి వాయిదా పడింది.

బయట మాణిక్యం ఆమె కోసమే నిలబడి ఉంది. గుడ్డసంచిలోంచి చిన్న డబ్బా తీసి చేతిలో పెట్టింది. అందులో కొబ్బరి లౌజు, ఇంకా మెత్తగా ఉంది.

“క్షమించండి మామ్మగారూ,” అనబోయింది మమత. ఆ మాటలో కూడా ఎన్ని బ-లు వచ్చాయో ఆమెకే తెలిసింది.

“ఊరుకోమ్మా, ఎందుకూ!” మాణిక్యం ఆమె మణికట్టు పట్టుకుంది. “నువ్వింక బెంగెట్టుకోకు. నేను నేర్చేసుకున్నాను. బాడిక్యం అంటే నేనే. పొద్దస్తమానం అదే అనుకుంటున్నాను. దల్లా బాడిక్యం, దల్లా బాడిక్యం. పొద్దున్న పంటు మీద మా మనవరాలి చేత పిలిపించుకున్నాను కూడా. ఠక్కున ఆయ్ అన్నాను. అది పడీ పడీ నవ్వింది. వచ్చే వాయిదాకి నువ్వు ఒక్కసారి పిలిస్తే చాలు, లేచొచ్చేస్తాను.”

“ఎన్నేళ్ళండీ మీకు?”

“డెబ్బయ్యారు.”

“ఎవరు పెట్టేరండీ మీకా పేరు?”

“మా నాన్న. నాకు ముందు ముగ్గురు మగపిల్లలు. ఆడపిల్ల పుట్టిందనగానే చెరుకు తోటలోంచి పరిగెత్తుకొచ్చి, ఇది మాణిక్యం అన్నాడంట. దాంతో పంతులుగారు చెప్పిన పేరు కూడా పక్కనెట్టేసేరు.” చెబుతుంటే ఆవిడ మొహం విప్పారింది. తరవాత భుజం తట్టి, “పంటు వెళ్ళిపోద్ది, వస్తానమ్మా,” అని మెట్లు దిగింది.

మమత డబ్బా పట్టుకుని అక్కడే నిలబడింది. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. నా కేసు పోగొట్టావని నలుగురిలో అరిచినా పడి ఉండేది. డెబ్బయ్యారేళ్ళుగా తనది అనుకున్న పేరుని, నాన్న పరిగెత్తుకొచ్చి పెట్టిన పేరుని, ఎవరో అటెండరు ముక్కు బాగోలేదని తీసి పక్కన పెట్టి, పంటు మీద నిలబడి కొత్త పేరు బట్టీ పట్టింది. నవ్వుతూ పట్టింది. దిద్దుకోవాల్సింది ఆ చెవులు కాదు.

లోపలికి వెళ్ళి తెల్లకాగితం తీసుకుని సెలవుచీటీ రాసింది. శివప్రసాద్ అందుకుంటూ, “రికార్డు రూముకేనా?” అన్నాడు.

“ముక్కుకండి.”

*

ఆపరేషన్ గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. మత్తులో వెళ్ళింది, మత్తులో వచ్చింది. రెండు రోజులు ముక్కు నిండా దూదితో, ముక్కు కింద కట్టుతో ఉంది. భవానీదేవి మంచం పక్కన కూర్చుని, ప్రతి పావుగంటకీ కోడలి మొహం కళ పోయిందేమోనని వొంగి చూసుకుంది. దూది తీసినప్పుడు మాత్రం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. డాక్టరు నోరు మూసుకుని పీల్చమన్నాడు. భయపడుతూ మూసింది. చల్లటి గాలి, ఎవరో లోపల కిటికీ తీసినట్టు, కళ్ళ మధ్య నుంచి మెడ దాకా దిగింది. ఆమె నోరు తెరవడం మర్చిపోయింది.

వాపు తగ్గి, పక్కులు రాలి, మాట తేటపడటానికి రెండు వారాలు పట్టింది. ఒక ఉదయం మమత వంటింటి గుమ్మంలో నిలబడి, “అత్తయ్యగారూ, కాఫీ తాగుతారా?” అంది.

అందులో మ లేదు, న లేదు. భవానీదేవి పెదవి విరిచింది. “ఏం మారిందే? అలాగే ఉంది. నేను చెప్పలేదూ?”

“మజ్జిగ పులిసినట్టుంది, మీరోసారి వాసన చూడండి. అన్నంలో నిమ్మకాయ పిండమంటారా?”

భవానీదేవి లేచి నిలబడింది. కోడలి గడ్డం పట్టుకుని ఇటూ అటూ తిప్పి చూసింది. “మళ్ళీ అను,” అంది. “ఆ నిమ్మకాయ ముక్క మళ్ళీ అను.”

నాగసతీష్ చెరువు గట్టు మీద ఉండగా ఫోను మోగింది.

“ఏవండీ, ఎక్కడున్నారు? నేను మమతని.”

అవతల నీళ్ళని చిలికే యంత్రం హోరొకటే వినిపిస్తోంది. మమత ఫోను చెవికి గట్టిగా ఆన్చుకుంది.

“ఎవరండీ?” అన్నాడతను మెల్లగా.

“మమతనండీ.”

“ఏ మమత?”

“మీ మమతని! మానేపల్లి నాగసతీష్ గారి పెళ్ళాన్ని!”

“ఇంకోసారి చెప్పండి, సరిగ్గా వినబళ్ళేదు,” అన్నాడు, నవ్వు ఆపుకోలేక. అలా ఆరేడుసార్లు చెప్పించుకున్నాడు. స్పీకరు పెట్టి గట్టు మీద అందరికీ వినిపించాడు. ఆ సాయంత్రం ఉత్సాహంగా ఇంటికొచ్చి గుమ్మం ఎక్కబోతుంటే మమత చెయ్యి అడ్డం పెట్టింది.

“ఆగండి. ఏంటండీ ఈ కంపు?”

“కంపేంటి?”

“రొయ్యల మేతండీ! చొక్కా నిండా. రోజూ ఇలాగే వచ్చేవారా మీరు? పన్నెండేళ్ళూ?”

నాగసతీష్ చొక్కా ఎత్తి వాసన చూసుకుని, నేరం ఒప్పుకున్నవాడిలా కుళాయి వైపు నడిచాడు. లోపల్నుంచి భవానీదేవి కేక వేసింది. “నేను చెబితే విన్నాడా ఎప్పుడైనా? ఇప్పుడు నాకో సాక్షి దొరికింది!”

*

మాణిక్యం వాయిదా కూడా సోమవారమే పడింది. సెలవు ముగించుకుని మమత కోర్టుకొచ్చింది కూడా ఆ రోజే. శివప్రసాద్ ఎప్పటిలా కట్ట విప్పాడు. మొదటి పేరు పిలిచేసరికి తలెత్తి చూశాడు. రెండో పేరుకి పెన్ను కింద పెట్టాడు. ఈసారి అయిదో నంబరే ఆ దారి దావా. వరండాలో నీళ్ళ కుండ పక్క బల్ల మీద మాణిక్యం నిటారుగా కూర్చుని ఉండటం మమతకి ముందే కనిపించింది. గుండె నిండా గాలి పీల్చుకుంది, ముక్కుతోనే.

“నల్లా మాణిక్యం!”

ఎంత బాగా వచ్చిందో! ఆ న, ఆ మ, ఆ ణ, గుడి గంటలా ఖంగుమన్నాయి. మాణిక్యం కదల్లేదు.

“నల్లా మాణిక్యం!”

ముసలావిడ చెవి వెనక చెయ్యి పెట్టుకుని గుమ్మం వైపే చూస్తోంది, ఎంతో శ్రద్ధగా. లేవడం మాత్రం లేదు. పక్కావిడతో ఏదో గుసగుసలాడింది కూడా. లోపల మేడమ్ గారు పెన్ను తీసుకున్నారు. మూడో పిలుపు ఒక్కటే మిగిలింది. ప్లీడరు గారు ఫైలులోంచి తలెత్తేలోగా మమతకి సంగతి తట్టింది. ఇంకేం ఆలోచించలేదు. రెండు వేళ్ళతో ముక్కు గట్టిగా మూసుకుని, గొంతు చించుకుని పిలిచింది.

“దల్లా బాడిక్యం!”

“ఆయ్!” మాణిక్యం చిన్నపిల్లలా లేచి నిలబడింది. “వచ్చేనమ్మా, వచ్చేను!”

వరండా అంతా గొల్లుమంది. శివప్రసాద్ కట్ట అడ్డం పెట్టుకున్నాడు. జడ్జి గారు నవ్వు కనబడకుండా కాసేపు కాగితాల్లోకి వొంగి, ఆపైన “సైలెన్స్” అన్నారు, అదీ సగం నవ్వుతోనే.

గుమ్మం దాటుతూ మాణిక్యం గుసగుసగా అంది. “నా పేరే ఉన్నావిడ ఇంకోరు కూడా వచ్చేరమ్మా. పిలుస్తుంటే పలకడంలేదు పాపం.”

“ఆవిడా మీరేనండి మామ్మగారూ,” అంది మమత.

ముసలావిడ ఆగిపోయి, ఆమె మొహంలోకి చూసింది. చూపుడువేలితో ఆమె ముక్కు మీద సుతారంగా తట్టింది. “నాకోసమా?” అని అడగలేదు కానీ, అడిగినట్టే ఉంది. ఇంకోసారి అనమంది కళ్ళతోనే. మమత చెవి దగ్గరికి వొంగి ఆవిడ ఒక్కదానికే వినబడేలా ఆ పేరు అంది. మాణిక్యం తృప్తిగా తలూపి, పైట సర్దుకుని, జడ్జి గారి ముందుకి నడిచింది.

కేసు ఆ రోజు తేలలేదు. దారి కొలవడానికి కోర్టు తరఫున కమీషనరు వెళ్ళాలన్నారు, అప్పటిదాకా ఎవరూ కంచె వెయ్యకూడదన్నారు. అంతే చాలునంది మాణిక్యం.

శివప్రసాద్ తరవాతి నంబరు చదివాడు. మమత మళ్ళీ గుమ్మంలోకి వచ్చింది. జామకాయలవాడు బేరం ఆపి ఇటే చూస్తున్నాడు. కాగితమ్మీద ఉన్నది మామిడిశెట్టి నారాయణమూర్తి. ఆమె ఒకసారి పిలవగానే మూడో స్తంభం దగ్గర నుంచి ఒక పెద్దమనిషి చెయ్యెత్తి, కండువా సర్దుకుంటూ బయల్దేరాడు. ఇంక పిలవాల్సిన పని లేదు. అయినా ఆయన అంత దూరం నడిచి వచ్చేలోగా, ఆయన మొహంలోకే చూసి నవ్వుతూ, మమత మిగతా రెండుసార్లూ పిలిచేసింది.